రేకు బకెట్ చప్పుడు

మా మగవాళ్ళ వార్డు బాత్‌రూములో ఒక రేకు బకెట్ ఉండేది. ప్లాస్టిక్ బకెట్లు వచ్చి ఆసుపత్రి అంతా ఎరుపూ ఆకుపచ్చా అయిపోయాక కూడా ఆ ఒక్కదాన్నీ మేము వదల్లేదు. కొత్తగా చేరిన నర్సు పిల్లలు దాన్ని చూసి ముక్కు విరిచేవాళ్ళు. "ఈ సొట్టల బకెట్ ఎందుకక్కా, పారేద్దాం" అనేవాళ్ళు. దాన్ని పారేసిన రోజు మిమ్మల్ని కూడా పారేస్తానని బెదిరించేదాన్ని. ఈ ఉద్యోగంలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న మీకు ఆ బకెట్ సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో, మూత్ర సంబంధమైన ఆపరేషన్లు చేసే వార్డులో నా సర్వీసులో సగానికి పైగా గడిచింది. ఆడదానివి, ఆ వార్డులో ఎట్లా చేస్తావమ్మా అని మా బంధువులు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. మొదట్లో నేను సిగ్గుపడ్డ మాట నిజమే. తర్వాత నేను మానేశాను, పేషెంట్లు మొదలుపెట్టారు. ఆరడుగుల మనిషి, మీసం మెలేసినవాడు, నన్ను చూడగానే దుప్పటి గొంతు దాకా లాక్కునేవాడు. "లాక్కో నాయనా, కాళ్ళు బయటికొస్తున్నాయి చూసుకో" అనేదాన్ని.

ఆ వార్డుకు వచ్చేవాళ్ళలో హైపోస్పేడియాస్ అనే పుట్టుక లోపం ఉన్నవాళ్ళు కొందరు ఉండేవాళ్ళు. మూత్రం వచ్చే రంధ్రం కొనలో కాకుండా కింది వైపు ఎక్కడో ఉంటుంది. ధార ముందుకు పోదు, కిందికి కారుతుంది. అందుకని నిలబడి పోసుకోలేరు, కూర్చోవాలి. పుట్టినప్పుడే మంత్రసాని గమనించి చెబితే పసితనంలోనే సరిచేస్తారు. చెప్పకపోతే ఆ పిల్లవాడు దాన్ని దాచుకుంటూ పెరుగుతాడు. ముప్పై ఏళ్ళ వయసులో, ఎవరికీ చెప్పకుండా, ఊళ్ళో తిరుమల పోతున్నానని చెప్పి మా దగ్గరికి వచ్చేవాడు. కొండకు పోతున్నానంటే మా సీమలో ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు.

ఆపరేషన్‌లో చర్మంతో కొత్త దారి కట్టి, లోపల గొట్టం పెట్టి ఉంచుతారు. మానిందనుకున్నాక గొట్టం తీస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే. కుట్ల మధ్య ఎక్కడైనా చిల్లు మిగిలితే మూత్రం రెండు దారుల్లో వస్తుంది. అది చూడాలంటే మనిషి పోస్తుండగా చూడాలి. కానీ తెల్లకోట్లు ఎదురుగా నిలబడి చూస్తుంటే ఎవరికి వస్తుంది? "మహారాజుకైనా రాదమ్మా" అనేవారు మా పెద్ద డాక్టరు గారు. అందుకని ఆయనే ఒక పద్ధతి పెట్టారు. మనిషిని లోపలికి పంపి, తలుపు వేసుకోమని, రేకు బకెట్‌లో పొయ్యమని చెప్పేవారు. మేము తలుపు బయట నిలబడి వినేవాళ్ళం. ఒకే చప్పుడు వస్తే గెలిచినట్టు. ఆ చప్పుడు పక్కన ఇంకో సన్నటి చిటపట వినిపిస్తే మళ్ళీ మొదటికి.

వినేవాళ్ళం ముగ్గురం. డాక్టరు గారు కళ్ళు మూసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. డ్రెస్సింగులు కట్టే పెద్దాయన చెవి తలుపుకు ఆనించేవాడు. ఆయనది నగరి పక్క, నోట్లో సగం అరవం. నేను గోడకు ఆనుకుని, మనసులో ప్రార్థన చేసుకుంటూ ఉండేదాన్ని. దేవుడా, ఒక్కటే చప్పుడు వినిపించు అని. చర్చిలో చెప్పుకోదగ్గ ప్రార్థన కాదది, అయినా అంత గట్టిగా నేను ఇంకెక్కడా చేసి ఎరగను.

ఇప్పుడు ఆ డ్రైవరు సంగతి.

ఆయనది కార్వేటినగరం దగ్గర పల్లె. తిరుపతి నుంచి నాయుడుపేట మీదుగా తడ దాకా పోయే ప్రైవేటు బస్సు నడిపేవాడు. బలమైన చేతులు, మెత్తటి మాట. ఓపీలో డాక్టరు గారి ముందు కూర్చుని చాలాసేపు బల్ల మీద అద్దంకేసి చూశాడు. చివరికి, "పెండ్లి చేసుకోవాల సార్" అన్నాడు.

మేనమామ కూతురు ఉంది. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల ఇతనికేనని రెండిళ్ళల్లో అనుకున్నదే. ఈయన మాత్రం అవుననడు, కాదనడు. మేనమామకు విసుగొచ్చి, ఆడి నెల, అంటే మా వైపు ఆషాఢం, దాటేలోపల మాట చెప్పు, లేదంటే వేరే సంబంధం చూసుకుంటానని తేల్చేశాడట.

డాక్టరు గారు ఏదీ దాచలేదు. "చిన్నపిల్లలకైతే తొందరగా మానుతుంది. నీ వయసులో చీము పట్టొచ్చు. నిద్రలో శరీరం తన పని తాను చేసుకుపోయి కుట్లు లాగేయొచ్చు. ఒక్కసారితో అవుతుందని మాటివ్వలేను" అన్నారు. డ్రైవరు తలూపాడు. తలూపినవాళ్ళంతా విన్నట్టు కాదని మాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గొట్టం తీసిన రోజు పొద్దున ఆయన లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. మేము మా మా చోట్ల నిలబడ్డాం. కాసేపు నిశ్శబ్దం. తర్వాత మొదలైంది చప్పుడు. అబ్బ, ఏం ధార అది! రేకు బకెట్ మోగిపోయింది. ఆగదు, తగ్గదు, చీలదు. డ్రెస్సింగు పెద్దాయన చెవి తీసి, "సార్, వాన పడినట్టుండాది సార్!" అన్నాడు. డాక్టరు గారి ముఖం నేనెప్పుడూ అంతగా వెలగడం చూడలేదు. ఆ రోజు ఆయన సొంత డబ్బులిచ్చి, మనిషిని పంపి మైసూర్‌పాక్ తెప్పించారు. పెద్దవాళ్ళకు కూడా ఒక్కసారితో అవుతుందని మాకు ఋజువు దొరికిందనుకున్నాం. డ్రైవరు ఒక ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా, "బాగుండాది సార్, పంపించేయండి" అన్నాడు.

నేను గేటు దాకా వెళ్ళాను. "పెండ్లి పత్రిక తెచ్చియ్యాలప్పా నాకు. రేణిగుంట రోడ్డులో, రంపపు మిల్లు పక్క సందులో మొదటి ఇల్లు. పచ్చగేటు" అని చెప్పాను. సరేనక్కా అన్నాడు. నా ముఖంకేసి చూడలేదు.

ఆడి నెల పోయింది. పెండ్లిళ్ళు జరిగే ఆవణి వచ్చింది. పత్రిక రాలేదు. ఒక రోజు మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. ముందు ఒక అమ్మాయి నడుస్తోంది, వెనక ఆయన. ఆ అమ్మాయి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పనిచేస్తుందట. వేళ్ళు పసుపెక్కి ఉన్నాయి, దగ్గరికొస్తే తోతాపురి వాసన. వార్డు తలుపు దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"మా బావ చెప్పిన సిస్టరమ్మ నువ్వేనా?"

"నేనే. ఏమైంది?"

"ఆ పొద్దు ఈయన బకెట్లో పోసింది లేదంట. కొళాయి తిప్పినాడంట" అంది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. మేము ముగ్గురం చెవులొగ్గి, ఊపిరి బిగబట్టి విన్నది మున్సిపాలిటీ నీళ్ళ చప్పుడు. మైసూర్‌పాక్ తిన్నది కూడా ఆ కొళాయి పేరు మీదే. గొట్టం పక్కనుంచి తడి కారుతుంటే, చిల్లు పడిన సంగతి ఆయనకు ముందే తెలిసింది. బయట చెవులు కాచుకుని ఉన్నాయనీ, మేనమామ గడువు దాటిపోతుందనీ కొళాయి తిప్పాడు. ఇంటికి పోయి అవునన్నాడు. ముహూర్తం పెట్టారు. ముహూర్తం దగ్గరపడేసరికి చీము పట్టి, జ్వరం వచ్చి, ముఖం చాటేశాడు. ఈ అమ్మాయి ఊరుకోలేదు. బస్సు ఎక్కి, డ్రైవరు సీటు పక్కన కూర్చుని, తడ దాకా పోయి వచ్చేలోపల నిజం కక్కించింది.

"నువ్వేం అనలేదా?" అని అడిగాను.

"ఏం అనేదక్కా? మేకలు తోలుకోని పొయ్యే కాలం నుంచి నాకు తెలుసు. ఈయన ఒక్కడూ బండ సాటుకు పొయ్యేవాడు. మా తాత కూర్చోనే పోసేవాడు, ఊర్లో పెద్దోళ్ళంతా కూర్చోనే పోస్తారు. దీన్ని ఇంత రహస్యం చేసుకోని, కొళాయిలు తిప్పుకోని... సూడు ఎట్ల నిలబడినాడో" అంది. డ్రైవరు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఆ అమ్మాయి నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు గారికి చెప్పడం నా వంతయింది. ఆయన కోపం మంచిది కాదు, ఆపరేషన్ గదిలో కత్తెర్లు విసిరిన మనిషి. విన్నారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. "వాన పడినట్టుందన్నాడమ్మా!" అని డ్రెస్సింగు పెద్దాయన్ను చూపించి మళ్ళీ నవ్వారు. పెద్దాయన మాత్రం చాలా రోజులు ఆ కొళాయితో మాట్లాడలేదు.

చీము తగ్గాక, డాక్టరు గారు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. "పిల్లలు పుట్టడానికి ఇది అడ్డం కాదు. ఈ అమ్మాయికి అభ్యంతరం లేదు. చిల్లు వల్ల ప్రాణానికి భయం లేదు. మళ్ళీ కోస్తే ఇంకా చెడొచ్చు కూడా. నా మాట విని, ఇట్లాగే పెండ్లి చేసుకుని హాయిగా ఉండు."

అమ్మాయి లేచి నిలబడింది, పదమన్నట్టు. ఆయన లేవలేదు.

"పెండ్లికి గాదు సార్" అన్నాడు.

"మరి దేనికి?"

చెప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆ మాటలు ఇన్నేళ్ళయినా నా చెవిలోనే ఉన్నాయి.

"తడకాడ బస్సు ఆపుతాము సార్. డ్రైవర్లు, కండక్టర్లు అందురూ పొయ్యి గోడకాడ నిలబడతారు. ఎవురో ఒకరు కత మొదులు పెడతారు. నవ్వుకుంటారు. నేను తుమ్మచెట్లు దాటుకోని పోవాల. నేను తిరిగొచ్చేలోపల కత అయిపోయి ఉంటాది. అందురూ నవ్వతా ఉంటారు, దేనికి నవ్వతా ఉండారో నాకు తెలీదు. నేనూ నవ్వతాను. ఈ పనిలో చేరినప్పటి నుంచి ఏ కతా మొదటి నుంచి ఇనలేదు సార్ నేను. ఒక్కసారి వాళ్ళ పక్కన నిలబడాల."

ఆ అమ్మాయి మళ్ళీ కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఆయన గురించి అంతా తెలుసనుకుంది కదా, ఇది తెలియదు. డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడిచి, "కోసిన చోటు మెత్తబడాలి. కొన్ని నెలలు ఆగాలి. ఆగుతావా?" అన్నారు.

"ఆవణి గాకపోతే సంకురాత్రి తై నెల. మా నాయనకు నేను చెప్పుకుంటాలే" అంది అమ్మాయి.

మీకొక మాట చెబుతాను. ఆపరేషన్ ఫలితం అంటే కుట్లు నిలిచాయా, చిల్లు పడిందా, దారి ఇరుకైందా అని చూడటం మాకు నేర్పారు. ఆ లెక్కలన్నీ అవసరమే, కాదనను. కానీ ఎదుటి మనిషికి ఏం కావాలో అడగందే ఆ లెక్క పూర్తి కాదు. మొదటిసారి అడిగినప్పుడు వాళ్ళు మనకు నచ్చే జవాబు చెబుతారు. రెండోసారి కూడా అడగండి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరికి నీళ్ళిచ్చే కళ్యాణి డ్యాములో అడుగు కనిపిస్తోందని చెప్పుకునేవాళ్ళు. ఊరంతా ట్యాంకర్ల వెంట బిందెలతో పరిగెత్తింది. వార్డులో డ్రమ్ములు పెట్టి నీళ్ళు నింపుకునేవాళ్ళం, కొళాయి తిప్పితే గాలి బుసకొట్టేది. సరిగ్గా ఆ రోజుల్లో రెండో ఆపరేషన్ జరిగింది. జ్వరం రాకుండా, చీము పట్టకుండా నేనూ పెద్దాయనా వంతులు వేసుకుని కాపలా కాసినట్టు చూసుకున్నాం. అమ్మాయి పగలంతా వరండాలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరి ఊరూ పేరూ కనుక్కునేది.

గొట్టం తీసిన రోజు పొద్దున డాక్టరు గారు అన్నారు: "ఈసారి కొళాయి సాయం లేదప్పా. ఏదున్నా నీదే." డ్రైవరు నవ్వలేకపోయాడు. లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. బయట ఈసారి నలుగురం, ఆ అమ్మాయి కూడా.

ఏమీ వినిపించలేదు. డ్రెస్సింగు పెద్దాయన చెవి ఆనించాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకాసేపు ఏమీ లేదు. తర్వాత టప్, టప్ అని రెండు చుక్కలు. ఆగింది. మళ్ళీ మొదలైంది. సన్నగా, వణుకుతూ, తర్వాత కాస్త నిటారుగా. వాన కాదు, కొళాయి కాదు. మామూలు మనిషి పోసే చప్పుడు. మేము రెండో చప్పుడు కోసం చెవులు రిక్కించాం. అది వస్తుందనే భయంతో నేను పళ్ళు కరుచుకున్నాను. రాలేదు. పెద్దాయన నా వైపు తిరిగి ఒక వేలు పైకెత్తాడు. డాక్టరు గారు కళ్ళు తెరవలేదు, రెప్పల కింద తడి మాత్రం కనిపించింది.

చప్పుడు ఆగిపోయింది. మనిషి బయటికి రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. అమ్మాయి తలుపు తట్టింది. "బావా, ఏమైంది? పడిపోయినావా?"

లోపలి నుంచి గొంతు. "లేదు. ఉండు. ఇంకొంచేపు నిలబడి ఉంటా."

ఆ తలుపు బయట మేము నలుగురం మాట్లాడకుండా నిలబడ్డ ఆ కొద్దిసేపు మీద నాకు ఇప్పటికీ బెంగే. జీతాల మీద లేదు, ప్రమోషన్ మీద లేదు, వీడ్కోలు సభలో కప్పిన శాలువా మీద అసలే లేదు. ఆ ముగ్గురితో పాటు మళ్ళీ ఒక్కసారి ఆ తలుపు దగ్గర నిలబడాలని ఉంటుంది.

వెళ్ళేటప్పుడు డాక్టరు గారు గట్టిగా చెప్పారు. దారి తర్వాత ఇరుకు కావచ్చు, చిల్లు మళ్ళీ తెరుచుకోవచ్చు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలని. సరే సార్ అన్నాడు. నేను పచ్చగేటు సంగతి మళ్ళీ గుర్తు చేశాను. అంతే. తై నెల వచ్చింది, పోయింది. ఆయన రాలేదు, పత్రిక రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఓపీ ఉన్న ప్రతి వారం డాక్టరు గారు ఆఖరి పేషెంటు పోయాక కూడా కాసేపు తలుపు వైపు చూసేవారు. "మానినవాడు రాడమ్మా" అనేవారు. "మానకపోతే వస్తాడు. అందుకే మనకు కనిపించేవన్నీ చెడిపోయినవే." ఇంకో రోజు, "మానకపోయినా, సిగ్గుతో రాకుండా ఉండొచ్చు కదా" అనేవారు. ఆ రెండు మాటల మధ్య మా ఇద్దరికీ ఏళ్ళు గడిచాయి. నాయుడుపేట బస్సుల్లో వెతకొచ్చు కదా అంటారేమో. అది మా వార్డు మర్యాద కాదు. బయట ఎక్కడ కనిపించినా పేషెంటు పలకరిస్తే తప్ప మేము పలకరించకూడదని ఆయన పెట్టిన కట్టడి. ఈ నర్సు నీకెలా తెలుసని పక్కవాడు అడిగితే ఆ మనిషి ఏం చెబుతాడు?

డాక్టరు గారికి బదిలీ అయింది. కొన్నాళ్ళకు కబురు తెలిసింది, గుండెపోటుతో పోయారని. డ్రెస్సింగు పెద్దాయన రిటైరై నగరి వెళ్ళిపోయాడు. నా వంతూ వచ్చింది. నాకొక గోడగడియారం ఇచ్చారు. నాకు ఆ రేకు బకెట్ కావాలని అడుగుదామని వార్డుకు వెళితే, దాన్ని అంతకు ముందే పాతసామాన్లవాడికి వేసేశారు.

రిటైరైన తర్వాత ఒకసారి తడ దగ్గర మా చెల్లెలింటికి వెళ్ళి తిరిగి వస్తున్నాను. బస్సు టీకొట్టు దగ్గర ఆగింది. మగవాళ్ళంతా దిగి గోడ దగ్గర వరసగా నిలబడ్డారు. ఆడవాళ్ళం బిగబట్టుకుని బస్సులోనే కూర్చున్నాం. మాకు గోడ ఎవరు కట్టారు గనక? ఇంత వయసొచ్చాక, ఆ వార్డులో అన్నేళ్ళు చేశాక నాకు కళ్ళు తిప్పుకోవాల్సిన పని కూడా లేదు. కిటికీలోంచి చూశాను.

వరస మధ్యలో మా బస్సు డ్రైవరు. జుట్టు నెరిసింది, ఒళ్ళు చేసింది. ఎక్కినప్పటి నుంచి వెనక సీటులో కూర్చున్న నాకు ముఖం కనిపించలేదు. ఇప్పుడు పక్కకు తిరిగాడు. ఆ బలమైన చేతుల్లో ఒకటి గాలిలో ఊపుతూ ఏదో చెబుతున్నాడు. అందరి పనీ అయిపోయింది, ఒక్కరూ కదలడం లేదు. కత ఆయనే చెబుతున్నాడు. అయిపోయిందనుకుంటా, వరసంతా ఒక్కసారి నవ్వింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడటం చూసి పక్కామె, "ఏమమ్మా, ఒళ్ళు బాలేదా?" అని అడిగింది. బాగుందమ్మా, చాలా బాగుంది అన్నాను.

నేను పలకరించలేదు. ఆయన బస్సెక్కి అద్దం సరిచేసుకున్నాడు, అద్దంలో ఒక్క క్షణం నా మీద చూపు ఆగింది, బండి కదిలించాడు. గుర్తుపట్టలేదేమో అనుకున్నాను. గుర్తుపట్టినా పలకరించకపోవడమే సరైన పద్ధతి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా మనసు చివుక్కుమంది.

రేణిగుంట దాటాక, రంపపు మిల్లు ఎదురుగా బస్సు ఆగింది.

"ఈడ స్టాపు యాడుండాదన్నా?" అని కండక్టరు అరిచాడు.

"ఆ అక్క ఈడే దిగల్ల" అన్నాడు డ్రైవరు, రోడ్డుకేసి చూస్తూనే.

ఎలా దిగానో నాకు తెలియదు. బస్సు ముందు నుంచి చుట్టి పోతుంటే ఆయన కిటికీలోంచి తల వంచాడు. ఇంజను ఆపలేదు.

"మా ఇంటామె ఎప్పుడూ చెప్తా ఉంటాదక్కా, సిస్టరమ్మ కనపడితే మర్సిపోకుండా అడగమని."

"ఏమనప్పా?"

"కొళాయిలో నీళ్ళు వస్తా ఉండాయా అని."

"వస్తా ఉండాయిలే" అన్నాను. ఆయన నవ్వాడు, బస్సు పోయింది.

పచ్చగేటు తీస్తూ, ఈ సంగతి వెంటనే డాక్టరు గారికి చెప్పాలి అనుకున్నాను. గేటు వేసేటప్పుడు గుర్తొచ్చింది, ఆయన లేరని.